ఈ మాట నీకెవరు చెప్పారు?

పాలమూరు పల్లెల్లో వేసవి రాత్రులు గడిపినవారికి తెలుసు, ఎండలు ముదిరాక ఇంటి లోపల పడుకునేవారు అరుదు. వాకిట్లో మంచాలు పడతాయి, అరుగుల మీద చాపలు పరుచుకుంటాయి, వీధి వీధంతా ఒకే ఇల్లయినట్టు ముచ్చట్లు సాగుతాయి. 2018 వేసవి తొలిరోజుల్లో గద్వాల, వనపర్తి ప్రాంతంలోని కొన్ని గ్రామాల్లో ఈ దృశ్యం కనిపించలేదు. పొద్దు గూకగానే జనం పిల్లలను లోపలికి తీసుకుని తలుపులు బిగించుకుంటున్నారు. గస్తీకి వెళ్లిన ఒక కానిస్టేబులు దీనిని గమనించి పైఅధికారులకు చెప్పాడు.

ఆరా తీస్తే తేలినది ఇది. ఊళ్లలోని ఫోన్లలోకి కొన్ని వీడియోలు, స్వర సందేశాలు వచ్చిపడ్డాయి. పార్థీ ముఠా దిగిందని, పిల్లలను ఎత్తుకుపోతున్నదని, అవయవాలు కోసి అమ్ముకుంటున్నదని వాటి సారాంశం. భయం గొలిపే దృశ్యాలు ఎక్కడివో, ఎప్పటివో ఎవరికీ తెలియదు. పంపినవాడు ఎవరంటే, తనకు వచ్చింది పంపినవాడు. అతనికి పంపినవాడూ అంతే.

అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటుగా ఉండి, వనపర్తి బాధ్యతలు కూడా చూస్తున్న రెమా రాజేశ్వరి ఆ పుకారును ఫోన్లలోనే ఎదుర్కొనే ప్రయత్నంతో సరిపెట్టుకోలేదు. సిబ్బందికి ఊళ్లను అప్పగించారు. పోలీసులు ఊళ్లకు వెళ్లి అరుగుల మీద కూర్చున్నారు, సర్పంచులతో మాట్లాడారు, తమ నంబర్లు ఇచ్చారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తామూ చేరారు. డప్పు పట్టుకుని జానపద బాణీలో పాటలు కట్టి, అబద్ధపు వార్త మనిషిని ఎలా చంపుతుందో చెప్పారు. అనుమానం కలిగితే చేయి ఎత్తవద్దని, తమకు ఫోన్ చేయమని కోరారు. ఆమె పరిధిలోని సుమారు 400 గ్రామాల్లో ఆ పుకార్ల మూలంగా ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ తర్వాత దేశ విదేశాల పత్రికలు ఈ సంగతిని రాశాయి.

అదే సంవత్సరం ఇతర చోట్ల జరిగింది వేరు. మే నెలాఖరున హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో పిల్లలను ఎత్తుకుపోయేవారన్న అనుమానంతో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అది రంజాన్ మాసం. జులై 13న మన పొరుగునున్న బీదర్ జిల్లాలో, బడిపిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక యువ ముస్లిం ఇంజినీరు ప్రాణం పోగొట్టుకున్నాడు. అతడూ అతని మిత్రులూ ఒక ఊరిలో వాగ్వాదం జరిగాక కారులో బయటపడ్డారు. కాని వారి కారు కంటే వీడియో వేగంగా వెళ్లింది. ముర్కి గ్రామంలో దారి కాచిన జనానికి వారెవరో తెలియదు. తమ ఫోను చెప్పింది మాత్రమే తెలుసు.

ఈ సంఘటనలను ఇప్పుడు గుర్తుచేయడానికి కారణం ఉంది. పెద్ద సామాజిక మాధ్యమాలను వదిలి, చిన్న చిన్న, స్వతంత్ర ఆన్‌లైన్ సముదాయాల్లోకి వెళ్లాలన్న ఆలోచన కొంతకాలంగా చదువుకున్న ముస్లిం యువతలో వినిపిస్తున్నది. ఆ ఆలోచనలో చాలా మంచి ఉంది. అయితే ఇల్లు మారినంత మాత్రాన మాట మారదు. గద్వాలలో ప్రాణాలను కాపాడినది ఏమిటో తెలుసుకోకుండా ఈ వలస గురించి మాట్లాడుకోవడం తొందరపాటు అవుతుంది.

జనం ఎందుకు కదిలారు?

మన దేశంలో ఈ కదలిక మూడుసార్లు స్పష్టంగా కనిపించింది. 2019 చివర సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేసింది. నాజీల కాలంలో అందరూ చేయి చాచి వందనం చేస్తుండగా ఒక్కడు చేతులు కట్టుకుని నిలబడిన ప్రసిద్ధ ఛాయాచిత్రాన్ని ఆయన తన ఖాతాలో ఉంచుకున్నారు. విద్వేషాన్ని ధిక్కరించిన మనిషి బొమ్మను విద్వేషపు బొమ్మగా లెక్కగట్టారన్నమాట. దానికి నిరసనగా వేలాదిమంది భారతీయులు మాస్టడాన్ అనే కొత్త వేదికకు తరలారు. 2021 జనవరిలో వాట్సాప్ తన గోప్యతా నిబంధనలను మార్చి, ఒప్పుకుంటారా మానుకుంటారా అన్నట్టు అడిగినప్పుడు సిగ్నల్ యాప్ వైపు పెద్ద పరుగు మొదలయింది. ఆ నిబంధనల విషయంలోనే భారత పోటీ కమిషన్ 2024 నవంబరులో మెటా సంస్థకు 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది. వ్యవహారం తర్వాత అప్పీలుకు వెళ్లింది. ఇక 2022 అక్టోబరులో ట్విట్టర్ చేతులు మారినప్పుడు ప్రపంచమంతటా మరో వలస సాగింది.

వెళ్లినవారిలో చాలామంది తిరిగివచ్చారు. దీనిని వారి చపలత్వంగా కొట్టిపారేయనవసరం లేదు. కొత్త ఊరు ఎంత బాగున్నా అక్కడ మేనమామ లేడు, వియ్యంకుడు లేడు, పాత స్నేహితుడు లేడు. పూణేలో, ముంబయిలో పనికి వెళ్లిన కొడుకు రోజూ మాట్లాడేది వాట్సాప్‌లో అయితే, నాగర్‌కర్నూల్‌లోని తల్లి ఏ సిద్ధాంతం కోసం దానిని వదులుకుంటుంది? వదులుకోమని చెప్పే హక్కు ఎవరికీ లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అయినా ముస్లిం కుటుంబాలకు, ముఖ్యంగా ఆడపిల్లలున్న ఇళ్లకు, ఈ ప్రశ్న ఇతరులకంటే దగ్గరగా వచ్చి కూర్చుంది. 2021 జులైలో 'సుల్లీ డీల్స్' అనే పేరుతో, 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' అనే పేరుతో, సామాజిక మాధ్యమాల్లో ఉన్న ముస్లిం మహిళల ఫోటోలను దొంగిలించి, వారిని వేలానికి పెట్టినట్టు యాప్‌లు తయారుచేశారు. పాత్రికేయులు, న్యాయవాదులు, విద్యార్థినులు అందులో బాధితులయ్యారు. రెండోసారి జరిగాకనే అరెస్టులు మొదలయ్యాయి. తమ పేరుతో, తమ ముఖంతో, ధైర్యంగా మాట్లాడిన స్త్రీలకు దక్కినది అది. కొందరు ఖాతాలు మూసుకున్నారు. ఆ స్త్రీలు తప్పుచేసినట్టు మాట్లాడిన పెద్దలు మనలోనూ ఉన్నారు. ఇంటి గోడ దూకినవాడిని వదిలి, ఇంట్లో ఉన్నవారిని నిలదీసే అలవాటు ఇది.

దివ్యఖుర్ఆన్ అన్‌నూర్ సూరాలో ఇతరుల ఇళ్లలోకి అనుమతి తీసుకుని, సలాం చెప్పి మాత్రమే ప్రవేశించాలన్న ఆజ్ఞ ఉంది. అల్ హుజురాత్ సూరాలో ఇతరుల గుట్టు కూపీ లాగడాన్ని నిషేధించడం జరిగింది. సమావేశాల్లో జరిగిన మాటలు అమానత్ అని దైవప్రవక్త (స) బోధించినట్టు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఈ మూడింటినీ కలిపి చూస్తే గోప్యత మనకు పడమటి దేశాల నుంచి అరువు వచ్చిన ఆలోచన కాదని అర్థమవుతుంది. మన మాటలను, మన బంధుత్వాలను, మన రాకపోకలను లెక్కగట్టి ప్రకటనదారులకు అమ్ముకునే వ్యాపారం మీద నిలబడిన వేదికలో, అనుమతి అడగడం అన్నది ఎవరూ చదవని నిబంధనల కింద ఒక మీట నొక్కించుకోవడంగా మిగిలిపోయింది.

ఇంకొక సంగతి. ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ 2021లో బయటపెట్టిన అంతర్గత పత్రాల వల్ల, ఆ సంస్థ ఒక దశలో కోపాన్ని తెలిపే గుర్తుకు మామూలు 'లైక్' కంటే ఐదు రెట్లు విలువ కట్టి, దేనిని ఎక్కువమందికి చూపాలో నిర్ణయించిందని వెల్లడయింది. కోపం తెప్పించిన మాట ముందుకు వస్తుంది, శాంతపరిచిన మాట అడుగున పడుతుంది. హిందీ, బెంగాలీ భాషల్లో విద్వేషాన్ని పసిగట్టే యంత్రాంగం చాలకపోవడం వల్ల అటువంటి రాతలు చాలావరకు పట్టుబడలేదని కూడా ఆమె ఫిర్యాదులో ఉంది. కోట్లాదిమంది మాట్లాడే హిందీ గతే అది అయితే, పాలమూరు తెలుగులో, మన ఇళ్లలోని దక్కనీ ఉర్దూలో తిట్టిన తిట్టును ఎక్కడో కూర్చున్న యంత్రం గుర్తుపడుతుందని ఎలా ఆశించగలం?

వికేంద్రీకరణ అంటే

ఇక్కడ ఒక తేడాను స్పష్టం చేసుకోవాలి. వాట్సాప్ వదిలి సిగ్నల్‌కు వెళ్లడం మంచిదే. దానిని నడిపేది లాభాపేక్ష లేని సంస్థ, ప్రకటనలు లేవు. అయితే అది కూడా ఒకే సంస్థ చేతిలోని ఒకే ఏర్పాటు. అద్దె ఇంటి నుంచి మరింత మర్యాదస్తుడైన యజమాని ఇంటికి మారడం వంటిది. టెలిగ్రామ్ కూడా అద్దె ఇల్లే. పైగా అందులో మామూలు సంభాషణలకు, గ్రూపులకు రెండు చివరల మధ్య ఉండే పూర్తి రహస్య రక్షణ లేదన్న సంగతి చాలామందికి తెలియదు.

వికేంద్రీకృత వేదిక వేరు. ఈ-మెయిల్‌ను తలచుకుంటే సులభంగా బోధపడుతుంది. ఒకరికి జీమెయిల్ చిరునామా, మరొకరికి తమ కాలేజీ చిరునామా ఉన్నా ఒకరి ఉత్తరం మరొకరికి చేరుతుంది. జియో ఫోను నుంచి బీఎస్‌ఎన్‌ఎల్‌కు కాల్ వెళ్లినట్టే. ఎవరి ఇల్లు వారిది, మధ్యలో దారి అందరిదీ. మాస్టడాన్ ఈ పద్ధతిలో పనిచేస్తుంది. జర్మనీకి చెందిన ఓయ్‌గెన్ రోచ్కో 2016లో దానిని ప్రారంభించాడు. వేలాది సర్వర్లు, ఒక్కొక్కదానికి వేర్వేరు నిర్వాహకులు, వేర్వేరు నియమాలు. ఒక సర్వర్‌లోని సభ్యుడు మరొక సర్వర్‌లోని వారితో మాట్లాడగలడు. ఈ సర్వర్ల మధ్య ఉమ్మడి భాషగా పనిచేసే 'యాక్టివిటీపబ్' ప్రమాణాన్ని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2018 జనవరిలో ఆమోదించింది. ఎవరిని అనుసరిస్తే వారి మాటలు వచ్చిన వరుసలోనే కనిపిస్తాయి. కోపానికి ఐదు మార్కులు వేసే లెక్కల మాస్టారు అక్కడ లేడు. గ్రూపు సంభాషణల కోసం 'మ్యాట్రిక్స్' అనే మరొక ఏర్పాటు ఇదే సూత్రం మీద నడుస్తున్నది. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం దాని ఆధారంగానే ఒక యాప్ తయారుచేసుకుంది.

తెలుగువారికి ఇది పూర్తిగా కొత్త కూడా కాదు. 1990లలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు, ఇంజినీర్లు యూజ్‌నెట్ అనే వ్యవస్థలో తెలుగు సంస్కృతి పేరిట ఒక చర్చావేదికను నడుపుకున్నారు. అది ఏ ఒక్కరి కంప్యూటరులోనూ లేదు. విశ్వవిద్యాలయాల సర్వర్లు ఒకదానికొకటి సందేశాలు అందించుకునేవి. తర్వాత ఎన్నో తెలుగు చర్చలు యాహూ గ్రూపుల్లోకి వెళ్లాయి, హాయిగా, ఉచితంగా. 2020 డిసెంబరులో యాహూ ఆ గ్రూపులను మూసివేసింది. ఇతరుల స్థలంలో కట్టుకున్న ఇంటికి ఖాళీ చేయమన్న నోటీసు ఏదో ఒకనాడు వస్తుంది.

చిన్నదైతే చాలునా?

ఇప్పుడు మళ్లీ ముర్కి గ్రామానికి వెళదాం. ఆ యువకుడి ప్రాణం తీసిన వీడియో తిరిగినది లక్షలమంది చూసే వేదిక మీద కాదు. చుట్టుపక్కల ఊళ్లవారి చిన్న గ్రూపుల్లో. ఒకరినొకరు ఎరిగినవారి మధ్య. చిన్నదిగా ఉండడమే రక్షణ అయితే ఆ ప్రాణం నిలిచేది.

ఇస్లాం చరిత్రలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ మన కళ్లముందు ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) మీద అపనింద పుట్టినది మదీనాలో. ఎంత పట్టణమది! అందరూ ఒకే మస్జిదులో నమాజు చేసేవారు, ఒకరి ఇంటి విషయాలు ఒకరికి తెలిసినవారు. కపటి ఒకడు రాజేసిన నిప్పు దాదాపు నెల రోజులు ఆ పట్టణంలో తిరిగింది. చెప్పినవారిలో సద్భావం గల విశ్వాసులు కూడా ఉన్నారు. అన్‌నూర్ సూరా ఆమె నిర్దోషిత్వాన్ని ప్రకటించినప్పుడు, అపనింద పుట్టించినవాడితోపాటు దానిని నాలుకల మీదుగా అందించినవారిని కూడా మందలించింది. తమకు తెలియని దానిని నోటితో పలుకుతూ, అదేదో చిన్న విషయమని అనుకున్నారని వారి తప్పును చూపింది. నేటి ఫార్వర్డ్ మీటకు ఇంతకంటే సూటిగా వర్తించే బోధ మరొకటి కనిపించదు.

ఆ నెల రోజుల్లో సరిగా నడుచుకున్నవారి వృత్తాంతం మన ఇళ్లలో ఇంకా ఎక్కువగా చెప్పుకోవాలి. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో భార్య ఆ మాట ఎత్తితే, ఆయన ఆమెనే తిరిగి అడిగారు: నీవైతే అటువంటి పని చేస్తావా అని. చేయనని ఆమె అంది. అయితే ఆయిషా (రజి) నీకంటే ఉత్తమురాలు కదా అన్నారాయన. అంతటితో ఆ ఇంట్లో ఆ వార్త ఆగిపోయింది. విచారణ సంఘం లేదు, సాంకేతిక నిపుణుడు లేడు. భార్యాభర్తలు ఒక్క నిమిషం ఆలోచించారు. హజ్రత్ జైనబ్ (రజి) సవతి అయి ఉండి కూడా, తన చెవిని, కంటిని కాపాడుకుంటానని, ఆమె గురించి మంచి తప్ప తనకు తెలియదని చెప్పారు.

తర్వాతి తరాల్లో ముస్లిం పండితులు దీనిని ఒక విద్యగా మలిచారు. అంతఃకలహాలు చెలరేగాక, హదీసు చెప్పేవారిని ముందుగా వారి ఉల్లేఖకుల పేర్లు అడగడం మొదలయిందని బస్రా పండితుడు ఇబ్ను సీరీన్ (రహ్మలై) చెప్పినట్టు ఇమామ్ ముస్లిం తన సహీహ్ పీఠికలో నమోదు చేశారు. విన్న ప్రతిదానినీ చెప్పుకుంటూ తిరగడమే మనిషిని అబద్ధీకుడిగా నిలబెట్టడానికి చాలునన్న హెచ్చరిక కూడా ఆ పీఠికలోనిదే. నీకెవరు చెప్పారు? ఆయనకెవరు చెప్పారు? వారిద్దరూ కలుసుకునే వీలుందా? ఆయన జ్ఞాపకశక్తి ఎటువంటిది, నడవడి ఎటువంటిది? ఉల్లేఖకుల జీవిత చరిత్రలతో ఒక శాస్త్రమే తయారయింది. మదీనా, మక్కా, కూఫా, బస్రా, డమాస్కస్, దేనికదే ఒక కేంద్రం. ఒకచోటి విద్యార్థి మరొకచోటికి నెలల తరబడి నడిచి వెళ్లి, విన్నదానిని సరిచూసుకునేవాడు.

అబ్బాసీ ఖలీఫా అల్ మన్సూర్, ఇమామ్ మాలిక్ (రహ్మలై) రచించిన మువత్తా గ్రంథాన్ని రాజ్యమంతటా ఒకే ప్రమాణంగా అమలు చేయిస్తానని అడిగితే, ఇమామ్ ఒప్పుకోలేదని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. ప్రవక్త సహచరులు వేర్వేరు ప్రాంతాలకు వెళ్లారు, ఒక్కొక్క ప్రాంతంవారికి ఒక్కొక్క జ్ఞానం చేరింది, వారిని దానితో ఉండనివ్వమన్నారు. తన గ్రంథానికి దక్కబోయే ఏకచ్ఛత్రాధిపత్యాన్ని రచయితే కాదనుకున్నాడు. ఇప్పటి వేదికల యజమానుల్లో అటువంటివారు ఎవరైనా ఉన్నారేమో పాఠకులే వెతకాలి.

ఈ వెలుగులో చూస్తే గద్వాలలో పనిచేసినది ఏమిటో తెలుస్తుంది. ప్రతి ఊరికి ఒక ముఖం ఏర్పడింది. మాట నిజమో కాదో అడగడానికి ఒక నంబరు, అడిగితే జవాబు చెప్పే ఒక మనిషి. వాట్సాప్ సంస్థ కూడా ఆ జులైలోనే మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుకు మించి పంపలేనట్టు పరిమితి పెట్టింది. అది వేగాన్ని తగ్గించింది. మాటకు పూచీపడే మనిషిని మాత్రం ఏ పరిమితీ తయారుచేయలేదు.

పెద్ద వేదిక వదులుకోలేనిది

న్యాయంగా ఇంకొక పక్క కూడా చెప్పాలి. 2019లో నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవుల్లో యురేనియం అన్వేషణ వార్త వచ్చినప్పుడు ఆ ప్రాంత ప్రజలు రోడ్ల మీదికి వచ్చారు. నల్లమలను కాపాడాలన్న నినాదం సామాజిక మాధ్యమాల్లో రాష్ట్రమంతటా వ్యాపించింది, సినిమా ప్రముఖులు కూడా గొంతు కలిపారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. మాస్టడాన్‌లోని ఏ చిన్న సర్వర్‌లోనైనా ఆ నినాదం మొదలై అక్కడే ఉండిపోయి ఉంటే, హైదరాబాద్‌లో ఎంతమంది చెవిని పడేది? అన్యాయం జరిగినప్పుడు కేక వేయడానికి నాలుగు రోడ్ల కూడలి కావాలి. ముస్లింలు ఆ కూడలిని పూర్తిగా ఖాళీ చేస్తే, మన గురించి మాట్లాడేవారు ఇతరులే మిగులుతారు.

కాబట్టి కూడలి కూడలిగానే ఉండనివ్వవచ్చు. కూడలిలో కాపురం పెట్టడమే పొరపాటు. పిల్లల ఫోటోలు, నికాహ్ సంప్రదింపులు, ఆడవారి ఇజ్తిమా చర్చలు, బైతుల్‌మాల్ నుంచి సహాయం పొందిన కుటుంబం పేరు, ఇవన్నీ ఇప్పుడు కూడలిలోనే జరుగుతున్నాయి. జకాత్ అందుకున్న విధవరాలి ఫోటోను గ్రూపులో పెట్టి దుఆలు కోరడం ఎన్ని ఊళ్లలో మామూలయిందో! ఆ ఫోటో ఆ గ్రూపు దాటి ఎక్కడికి వెళుతుందో పెట్టినవారికి తెలియదు, ఆమెను ఎవరూ అడగలేదు. ముందుగా తరలించవలసినది ఇటువంటి సంభాషణనే.

నడిపేవారు ఎవరు?

సొంత సర్వర్ అంటే ఖర్చు భయపెడుతుంది. నిజానికి కొన్ని పదుల మందికి సరిపోయే సర్వర్ అద్దె నెలకు కొన్ని వందల రూపాయల నుంచి కొన్ని వేల వరకు ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టనవసరం లేదు. ఊరి మస్జిదులో ఫ్యాన్లకు, వుజూ నీటికి చందా వేసుకునే సముదాయానికి ఇది మోయలేని భారం కాదు. నేర్పేవారు కూడా దూరంగా లేరు. హైదరాబాద్ కేంద్రంగా 'స్వేచ్ఛ' అనే సంస్థ 2005 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థుల మధ్య నడుపుతున్నది. వనపర్తి, గద్వాల నుంచి హైదరాబాద్ కాలేజీల్లో చదువుతున్న మన పిల్లల్లో ఈ పని చేయగలవారు తప్పక ఉంటారు. సొంత సర్వర్ ఇప్పుడే వద్దనుకుంటే, ఇతరులు నడుపుతున్న మ్యాట్రిక్స్ సర్వర్‌లో ఒక గది తెరుచుకుని ఆరు నెలలు చూడవచ్చు.

అసలు కష్టం మనిషి దగ్గర వస్తుంది. వాట్సాప్ గ్రూపులో ఇతరులు పెట్టిన దానికి అడ్మిన్ బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022లో తీర్పు ఇచ్చింది. చట్టపరంగా అది సబబే. కాని సొంత సర్వర్ నడిపేవారికి ఆ తేలిక ఉండదు. 2021 నాటి ఐటీ నియమాల్లో అదనపు భారమంతా 50 లక్షలకు పైగా సభ్యులున్న వేదికలకే వర్తించినా, చిన్న వేదిక కూడా నియమాలు ప్రకటించాలి, ఫిర్యాదులు స్వీకరించే ఒక వ్యక్తిని పేర్కొనాలి. ఆ వ్యక్తి ఇమామ్ సాబే అయి ఉండాలన్న నియమం లేదు. ఆయనకు ఇప్పటికే పనులెక్కువ. స్త్రీల గదికి స్త్రీయే బాధ్యురాలిగా ఉండాలి, ఈ విషయంలో సందేహానికి తావు లేదు. బాధ్యత తీసుకున్నవారు సభ్యుల సందేశాలను తొంగిచూడరన్న నమ్మకం కేవలం వారి మంచితనం మీద ఆధారపడకూడదు. ముఖ్యమైన గదులకు రెండు చివరల మధ్య రహస్య రక్షణ పెట్టుకోవాలి. మాస్టడాన్‌లోని వ్యక్తిగత సందేశాలకు ఆ రక్షణ లేదు, సర్వర్ నడిపేవాడు తలచుకుంటే చదవగలడు. చాలా ప్రచారాల్లో ఈ మాట చెప్పరు.

గదిలోకి వచ్చే ప్రతి వార్తకు ఒక్క షరతు పెడితే చాలు: ఇది నీకెవరు చెప్పారో రాయి. 'ఫార్వర్డ్‌గా వచ్చింది' అన్నది జవాబు కింద లెక్కకు రాదు. మొదటి నెలలో సగం సందేశాలు ఆగిపోతాయి. కొందరు పెద్దలకు కోపం వస్తుంది, బావగారు అలిగి గది వదిలి వెళ్లవచ్చు కూడా. ఆయనకు ఇంటికి వెళ్లి సలాం చెప్పి మాట్లాడాలి. చిన్న సముదాయంలో ఆ వీలుంది.

ఇంకొకటి ముందే ఆలోచించాలి. నడిపే కుర్రవాడికి బెంగళూరులో ఉద్యోగం వస్తే? అతనికి జబ్బు చేస్తే? 2022లో ఒక పాత మాస్టడాన్ సర్వర్ నిర్వాహకుడు కుటుంబ పరిస్థితుల వల్ల ఇక నడపలేనని ప్రకటించి, సభ్యులు వేరే సర్వర్లకు తరలిపోవడానికి కొన్ని వారాల గడువు ఇచ్చాడు. వారు తమను అనుసరించేవారిని వెంట తీసుకుని వెళ్లగలిగారు, పాత రాతలను మాత్రం తీసుకుని వెళ్లలేకపోయారు. వక్ఫ్ ఆస్తికి ముతవల్లీని నియమించేటప్పుడు అతని తర్వాత ఎవరన్నది కూడా రాసిపెట్టడం మన పెద్దల పద్ధతి. సర్వర్ తాళం కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి, మూడోది మస్జిదు కమిటీ బీరువాలో, కవరులో పెట్టి, పైన తేదీ వేసి.